రెండు పెట్టెలూ ఒక అరచెయ్యీ

బట్టీలోంచి తీసిన బ్రెడ్డు లోపలిదాకా ఉడికిందో లేదో చెప్పడానికి ఆ బేకరీలో గోడ గడియారం ఉంది, వేడి చూపించే సూదీ ఉంది. అయినా చివరి మాట వదినదే. చేతికి మందపాటి గుడ్డ చుట్టుకుని, బ్రెడ్డుని బోర్లా పట్టుకుని, అడుగున వేలి కణుపుతో మెల్లగా తడుతుంది. లోపల గుల్లగా పలికితే పక్కన పెడుతుంది. మొద్దుగా పలికితే ఎవరినీ ఏమీ అనకుండా మళ్లీ బట్టీలోకి తోస్తుంది. పలకడమంటే మన చెవికి తెలిసే పలకడం కాదు. వదినకి చెవులు మూసుకుపోయి చాలా ఏళ్లయింది. ఆ పలుకు ఆవిడకి కణుపులోంచి బయలుదేరి మోచేతి దాకా వస్తుంది.

ఆ వీధిలో సగం మంది ఆవిడని వదినా అనే పిలుస్తారు. ఆ పిలుపు మొదలుపెట్టింది మాత్రం సొంత మరిది. నలభై దాటి చెంపల దగ్గర వెంట్రుకలు తెల్లబడ్డా ఆ ఇంట్లో అతను ఇప్పటికీ చిన్నోడే. కళ్లజోళ్ల దుకాణంలో పని చేస్తాడు. పాత ఫ్రేముకి కొత్త అద్దాలు అరగదీసి బిగించడంలో అతని చెయ్యి మంచిదని పేరు. పెళ్లి చేసుకోమని చెప్పి చెప్పి అన్నావదినలు అలిసిపోయారు. వెనక గదిలో ఉంటూ, ఇంటి తిండి తింటూ, అన్న కూతురితో రోజూ పోట్లాడుతూ హాయిగా ఉన్నాడు.

వదిన ఆ ఇంట్లో అడుగుపెట్టేనాటికి చిన్నోడు నిజంగానే చిన్నోడు. ఉరుమంటే ఒణికిపోయేవాడు. ఆకాశం గర్జించినప్పుడల్లా మంచం కింద దూరేవాడు. కొత్తగా వచ్చిన వదిన ఒకరోజు తనూ మంచం కింద దూరి, వెనకనుంచి వాడి రెండు చెవులూ తన రెండు చేతులతో మూసింది. పిండి వాసన వేసే వెచ్చటి చేతులు. బయట మెరుపు మెరుస్తూనే ఉంది, ఉరుము మాత్రం ఎక్కడో దూరంగా దుప్పటి కింద నుంచి వచ్చినట్టు వచ్చింది. తల్లి మొహం గుర్తులేని పిల్లవాడికి ఆ తర్వాత ఉరుమంటే భయం పోయింది. పైగా ఎప్పుడు ఉరుముతుందా అని ఎదురుచూడటం మొదలుపెట్టాడు.

వాడి చెవులు మూసిన మనిషికి సొంత చెవులే మూసుకుపోతాయని ఎవరనుకున్నారు? ఒక విడవని జ్వరం తర్వాత మొదలైంది. ముందు పిట్టలు పోయాయి. తర్వాత గేటు చప్పుడు, తర్వాత ఫోను, ఆఖర్న మనుషులు. చెవిలో పెట్టుకునే మెషిన్ తెచ్చిస్తే వారం పెట్టుకుని, "ఇందులో అందరూ రేకుడబ్బాలో కూర్చుని పోట్లాడుకుంటున్నట్టుంది" అని తీసి సొరుగులో పెట్టేసింది. ఇంట్లోవాళ్లు మొహాలు వేలాడేస్తే ఆవిడే కసిరింది: "దేవుడు ఇచ్చినన్నాళ్లు విన్నాను. ఆయన వస్తువు ఆయన తీసుకున్నాడు. మధ్యలో మీకేం పోయింది?"

అప్పటినుంచి పెదాలు చూసి మాట పట్టుకుంటుంది. అందుకే ఆ ఇంట్లో ఎవరూ అటు తిరిగి మాట్లాడరు, నోట్లో ముద్ద పెట్టుకుని మాట్లాడరు. అన్నయ్యకి గుబురుగా, అందంగా మీసం ఉండేది. మీసం వెనక మాట దొరకడం లేదని వదిన ఎప్పుడూ అనలేదు. కానీ ఒక పొద్దున ఆయన మీసం తీసేసి వచ్చి కంచం ముందు కూర్చున్నాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. ఆయనా చెప్పలేదు. వదిన ఒక్కసారి ఆయన మొహం వంక చూసి, కూర ఇంకో గరిటె ఎక్కువ వేసింది.

అన్నయ్య వడ్రంగి. తలుపులూ కిటికీలూ చేస్తాడు. మాట తక్కువ, చిత్రిక ఎక్కువ. పెళ్లయిన కొత్తలో ఎవరో పెద్ద వాకిలికని చెప్పి మానేసిన చెక్క మిగిలిపోతే, దాంతో రెండు స్పీకరు పెట్టెలు చేశాడు. ఎక్కడా ఒక్క మేకు లేదు. చెక్క అంచుల్ని ఒకదాంట్లో ఒకటి దిగేలా కూసాలు చెక్కి దించి, బంక పట్టించి మూసేశాడు. మిగిలిన పొడుగు చెక్కని హాల్లో గోడ వారన బల్లగా వేసి, ఈ చివర ఒక పెట్టె, ఆ చివర ఒక పెట్టె బల్లలోకే దించేశాడు. నడుమ టీవీ వచ్చింది. టీవీ కింద గూట్లో, పెట్టెల్ని మోగించే మెషిన్ వచ్చింది.

ఆ బల్ల సంగతి బయటపడింది ఒక సాయంత్రం. అందరూ సినిమా చూస్తుంటే వదిన టీ గ్లాసులు తెచ్చి, బల్ల మీద ఆన్చబోయి, అలాగే ఆగిపోయింది. ఒక చేత్తో పళ్లెం, రెండో అరచెయ్యి చెక్క మీద.

"రైలు వస్తోంది," అంది.

తెర మీద రైలు లేదు. ఎవరో ఆడమనిషి కిటికీ దగ్గర నిలబడి ఉంది. అందరూ వదిన వంక చూశారు, తర్వాత తెర వంక చూశారు. అప్పుడు కిటికీ బయట, చాలా దూరంగా, నిజంగానే రైలు. అన్నయ్య లేచి వెళ్లి ఒక చిన్న పీట తెచ్చి బల్ల నడుమకి, టీవీకి ఒక పక్కగా వేశాడు. ఆ రోజు నుంచి అదే వదిన చోటు. మెడ పక్కకి తిప్పి తెర చూస్తూ, అరచెయ్యి బల్ల మధ్యలో ఆన్చి కూర్చునేది. గుర్రాలు వచ్చేదీ, తలుపు దబాలున పడేదీ, వాన మొదలయ్యేదీ ముందు ఆవిడే చెప్పేది. ఒక్కోసారి, "వీడి వాలకం మంచిది కాదు, నడకలోనే తెలుస్తోంది" అనేది. చివరికి వాడే దుర్మార్గుడు అయ్యేవాడు.

"అమ్మా, కథ చెప్పెయ్యకు!" అని కూతురు మొత్తుకునేది. ఆ మొత్తుకోలు మాత్రం వదినకి వినపడేది కాదు. వినపడనట్టు నటించేది అని చిన్నోడి అనుమానం.

ఇన్నాళ్లూ మోగిన ఆ మెషిన్ ఒక సాయంత్రం కాలిన వాసన వేసి ఆగిపోయింది. ఆ ఇంట్లో గుడ్డ కప్పని వస్తువు లేదు. దుమ్ము పడకూడదని వదిన ప్రతిదానికీ పూలు కుట్టిన గుడ్డ కప్పుతుంది. "నాన్న ఒకచోట కదలకుండా కూర్చుంటే ఆయనకీ ఒకటి కుట్టేస్తుంది" అని కూతురు అంటుంది. గూట్లో ఉన్న మెషిన్ మీద కూడా రెండు మడతలు వేసిన గుడ్డ ఉంది. దానికి ఊపిరాడక చాలాకాలం ఆయాసపడి, ఇక వల్ల కాదంది.

మిగిలినవాళ్లకి పెద్ద నష్టం లేదు. టీవీకి సొంత గొంతు ఉంది, సన్నగానైనా వినపడుతుంది. కానీ బల్ల చచ్చిపోయింది. వదిన రెండు సాయంత్రాలు పీట మీద కూర్చుని, చెయ్యి ఆన్చి చూసింది. మూడో రోజు పీట తీసి వంటింట్లో పెట్టుకుంది. బేకరీ నుంచి రావడం, వంట చేయడం, అందరూ హాల్లో నవ్వుకుంటుంటే వెనక గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలవడం. పిలిస్తే, "మీరు చూడండి, నాకు పనుంది" అనేది. అన్ని చిక్కుడుకాయలు ఆ ఇంట్లో ఎవరూ తినరు.

చిన్నోడు అది గమనించాడు. చెవులు పోయినప్పుడు కూడా మూలకి చేరని మనిషి ఇప్పుడు చేరింది. ఇంకొన్నాళ్లు ఇలాగే వదిలేస్తే ఆ గుమ్మమే అలవాటైపోతుంది. మనిషి ఇంట్లోనే ఉంటుంది, ఇంట్లోవాళ్లతో ఉండదు.

వీధి మలుపులో ఉన్న మైకుసెట్టు మావయ్య దగ్గరికి వెళ్లాడు. ఒకప్పుడు మైకులు అద్దెకిచ్చేవాడు, ఇప్పుడు హోమ్ థియేటర్లు అమ్ముతాడు. ఊళ్లో అందరికీ ఆయన మావయ్యే, ఆయనకి అందరూ అల్లుళ్లే.

"ఆ పెట్టెలు తీసి అవతల పారెయ్ అల్లుడూ," అన్నాడు మావయ్య. "ఇదిగో, ఈ సన్నటిది చూడు. టీవీ కింద పెడితే పెట్టినట్టే ఉండదు."

"పెట్టెలు ఉండాల్సిందే మావయ్యా. వాటిని మోగించడానికి తగ్గ మెషిన్, అదే, రిసీవర్ చూపించు."

"పాత చెక్క మీద అంత మమకారమేంటయ్యా?"

"మా దుకాణానికీ వస్తారు, ఫ్రేము ఇదే ఉండాలి అద్దాలు మాత్రం మార్చండి అనేవాళ్లు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. నువ్వూ అడక్కు."

మావయ్య నవ్వి, బల్ల వెనక నుంచి ఇవతలికి వచ్చాడు. "సరే, దారికొచ్చాను. నీ స్పీకర్లు ఎన్ని ఓమ్‌లు?"

"అంటే?"

"కరెంటుకి అవి ఎంత అడ్డం పడతాయో చెప్పే లెక్క. గట్టిగా అడ్డం పడితే మెషిన్‌కి సుఖం. మెత్తగా ఉంటే చిల్లు కుండలా లాగేస్తూనే ఉంటాయి. దమ్మున్న మెషిన్ ఇస్తుంది, లేనిది వేడెక్కి కూలబడుతుంది. వెనకాల రాసి ఉంటుంది, చూసి రా."

"వెనకాల చెక్క ఉంది అంతే. రాసి ఉంటే లోపలుండాలి."

"విప్పి చూడు."

"విప్పడానికి లేదు. అన్నయ్య చేశాడు."

మావయ్య తల ఊపాడు. "నిజమే. మా ఇంటి తలుపు మీ అన్నయ్య చేసిందే. దొంగ వస్తే గోడ పగలగొట్టుకోవాల్సిందే తప్ప ఆ తలుపు జోలికి పోలేడు."

ఆ మధ్యాహ్నం ఆయనే చిన్న మీటరు చంకలో పెట్టుకుని ఇంటికి వచ్చాడు. పిలిస్తే కాదు, ఊరికే, దారిన పోతూ వచ్చినట్టు. వైర్ల కొసలకి మీటరు ఆన్చి, సూది ఎక్కడ ఆగిందో కళ్లు చికిలించి చూసి, "నాలుగు ఓమ్‌ల రకం. మహా మెత్తటివి. పాతది ఇన్నాళ్లు లాగిందంటే దాని పుణ్యం. పైన గుడ్డ కూడా కప్పారాయె!" అన్నాడు.

దుకాణంలో రెండు మెషిన్లు మిగిలాయి. ఒకదాని మొహం నిండా దీపాలే. దాని వెనక రాసింది చూసి మావయ్య పెదవి విరిచాడు. ఇంకాస్త గట్టిగా అడ్డంపడే స్పీకర్లకే అది పనికొస్తుందట. రెండోది నల్లగా, సాదాగా, మాట్లాడని పెళ్లికొడుకులా ఉంది. "ఎత్తి చూడు," అన్నాడు. చిన్నోడు ఎత్తబోతే నడుం పట్టేసినంత పనైంది. "అదీ! ఆ బరువంతా లోపల కరెంటు అందించే తీగచుట్ట. నీ మెత్తటి స్పీకర్లు ఎంతడిగినా కాదనదు." దుకాణంలోని స్పీకర్లకి తగిలించి వినిపించాడు కూడా. చిన్నోడు కళ్లు మూసుకుని విన్నాడు. ఆకు మీద చినుకు పడటం, ఎవరో గాజుగ్లాసు కింద పెట్టడం, అన్నీ విడివిడిగా, శుభ్రంగా వినపడ్డాయి. అదే ఖాయం చేశాడు. మెషిన్‌ని ఒళ్లో పెట్టుకుని ఆటోలో వస్తూ, "స్వామీ, నేను వినలేనిది ఒకటుంది. అది నువ్వే చూసుకో" అనుకున్నాడు.

బిగించడానికి మావయ్య సాయంత్రం వచ్చాడు. గూట్లోంచి పాత మెషిన్ లాగి, దాని వెనక టార్చి వేసి, "ఎవరు కలిపారయ్యా ఇది? ఈ పక్క ఎరుపు ఎరుపులోనే ఉంది, ఆ పక్క ఎరుపు తీసుకెళ్లి నల్లదాంట్లో పెట్టారు" అని విసుక్కున్నాడు. కొత్తదానికి పద్ధతిగా ఎర్ర వైరు ఎర్రదాంట్లో, నల్ల వైరు నల్లదాంట్లో బిగించి, కొసలు కత్తిరించి, చూడముచ్చటగా పెట్టాడు.

తర్వాత పెట్టెలోంచి పిల్లి తలకాయంత మైకు తీసి సోఫా మీద నిలబెట్టాడు. "ఇప్పుడు ఇది మీ గదిని వింటుంది. గది ఎంతుంది, పెట్టెలు ఎంత దూరంలో ఉన్నాయి, ఎలా ఉన్నాయి, అన్నీ అదే కొలుచుకుంటుంది. ఎవరూ కిక్కురుమనకూడదు."

అందరూ ఊపిరి బిగపట్టారు. పెట్టెల్లోంచి కుయ్యిమని ఒక కూత బయలుదేరింది. సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి వదిన వచ్చింది.

"ఏంటందరూ కొయ్యబొమ్మల్లా నిలబడ్డారు? సోఫా మీద ఆ పిల్లి తలకాయేంటి?"

వినపడనివాళ్ల గొంతు ఎప్పుడూ కొంచెం పెద్దదే. కూత ఆగిపోయింది. మెషిన్ కొలత చెడిందని తెర మీద చెప్పింది. కూతురు పొట్ట పట్టుకుని నవ్వుతూ వెళ్లి, తల్లి మొహానికెదురుగా నిలబడి పెదాలతో విడమర్చి చెప్పింది. వదిన నాలిక కరుచుకుంది. రెండోసారి కొలుస్తున్నంతసేపూ రెండు చేతులతో నోరు మూసుకుని, ఊపిరి కూడా తీసుకోకుండా మూలన నిలబడింది. ఆవిడ మొహం ఎర్రబడటం చూసి మావయ్య కూడా ఊపిరి బిగపట్టాడు.

కొలత అయ్యాక తెర మీద ఏవో ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి. "ఒక స్పీకరుకి వైర్లు తిరగబడ్డాయేమో చూసుకోమంటోంది," అన్నాడు మావయ్య. "ఇది ప్రతి ఇంట్లోనూ ఇలాగే అంటుంది. ఒక పక్క గోడ, ఒక పక్క తలుపు ఉంటే దానికి అనుమానం. నేనే కదా కలిపింది, ఎరుపుకి ఎరుపు." అని బొత్తాం నొక్కి దాటేశాడు.

సినిమా పెట్టారు. ఆహా, ఏం స్పష్టత! కూతురు, "నాన్నా, ఆ వెనకాల ఎవరో గుసగుసలాడుతున్నారని ఇన్నాళ్లూ మనకి తెలీనే తెలీదు!" అంది. అన్నయ్య మెచ్చుకోలుగా గొంతు సవరించుకున్నాడు. ఆయనకి అది పెద్ద ప్రసంగం. కింది దరువు కొంచెం పల్చబడిందేమో, ఆ సంబరంలో ఎవరికీ పట్టలేదు.

చిన్నోడు వంటింట్లోంచి పీట తెచ్చి దాని చోట వేశాడు. వదిన చేతులు తుడుచుకుని, గుళ్లోకి వెళ్తున్న మనిషిలా నెమ్మదిగా వచ్చి కూర్చుంది. అరచెయ్యి బల్ల నడుమ ఆన్చింది. తెర మీద మేఘాలు కమ్ముకున్నాయి. ఉరుమింది. గది అంతా ఉరుమింది.

వదిన అరచెయ్యి కదిలింది. కొంచెం ఎడమకి జరిగింది, ఆగింది. కుడికి జరిగింది, ఆగింది. మళ్లీ నడుమకి వచ్చింది. ఆవిడ తల ఎత్తి, తనవంకే చూస్తున్న నాలుగు మొహాల్నీ చూసి, నిండుగా నవ్వింది.

"బాగుంది. చాలా బాగుంది. మావయ్యకి టీ పెడతాను," అని లేచింది.

ఆ "బాగుంది" చిన్నోడికి తెలుసు. చిన్నప్పుడు వాడు చేసిన ఉప్పు కషాయం లాంటి చారుని గిన్నెడు తాగి వదిన అన్న "బాగుంది" అదే. లేచి వంటింట్లోకి వెళ్లి, పొయ్యి పక్కన ఆవిడకి మొహం కనపడేలా నిలబడ్డాడు.

"వదినా, నిజం చెప్పు."

"ఏం నిజం? బాగుందన్నాగా."

"నేను చేసిన చారంత బాగుందా?"

వదినకి నవ్వొచ్చింది, వెంటనే కళ్లు చెమర్చాయి. టీ గిన్నె వంక చూస్తూ, "అందరూ ఇంత తాపత్రయపడ్డారు. ఆ పెద్దాయన పిలవకుండానే రెండు మాట్లు వచ్చాడు. ఇప్పుడు నేను లేదంటే ఏం బాగుంటుంది?" అంది.

"లేదా?"

"ఎలా చెప్పను చిన్నోడా... ఈ పెట్టె దగ్గర ఉంది. ఆ పెట్టె దగ్గరా ఉంది. నడుమకొస్తే లేదు." చెయ్యి గాల్లో ఆడించింది. "రెండు పక్కలా పైన ఎర్రగా కాలి, మధ్యలో పచ్చిగా మిగిలిన బ్రెడ్డు ఉంటుంది చూడు, అలాగ. తడితే పలకదు. ఇద్దరు మనుషులు దుప్పటి పిండుతూ ఒకళ్లు ఇటు లాగుతుంటే ఒకళ్లు అటు తోస్తున్నట్టుంది. కలిసి చెయ్యడం లేదవి."

చిన్నోడు తల కొట్టుకున్నాడు. వచ్చినవాళ్లందరికీ "పెట్టుకుని చూడండి, కొలతొకటే చాలదు" అని రోజూ చెప్పే నోరు తనది. ఆ నోటితోనే వదినని ఒక్కసారి దుకాణానికి రమ్మనడం తోచలేదు. పరుగున హాల్లోకి వచ్చి, వదిన అన్న మాటల్ని ఒక్కటీ మార్చకుండా మావయ్యకి అప్పజెప్పాడు.

సామాను సర్దుకుంటున్న మావయ్య చేతులు ఆగిపోయాయి. "ఏమందీ? మళ్లీ చెప్పు."

"రెండూ కలిసి చెయ్యడం లేదంది."

మావయ్య సోఫా మీది పిల్లి తలకాయ మైకు వంక చూశాడు. అది కాసేపటి క్రితం అన్న మాటా ఇదే. తను బొత్తాం నొక్కి దాటేసిన మాట. ఆయన రిమోట్ వెనక మూత తీసి, పెన్సిల్ బ్యాటరీ ఒకటి ఊడదీశాడు. రిసీవర్ వెనక నుంచి వైర్లు విప్పి, "అమ్మాయ్, ఆ పెట్టె ముందు టార్చి వేసి పట్టుకో" అన్నాడు. పెట్టె ముందరి పల్చటి గుడ్డ వెనక స్పీకరు గుండ్రంగా కనపడింది. వైరు కొసలకి బ్యాటరీ ఆన్చాడు.

"ముందుకొచ్చింది," అంది కూతురు.

రెండో పెట్టె దగ్గరికి వెళ్లారు. ఎర్ర వైరు, నల్ల వైరు, అదే బ్యాటరీ, అదే తీరు.

"వెనక్కెళ్లింది!"

మావయ్య నెమ్మదిగా అన్నయ్య వైపు తిరిగాడు. "అయ్యా వడ్రంగిగారూ, లోపల వైర్లు ఎలా కలిపారు?"

అన్నయ్య ఇదేం ప్రశ్న అన్నట్టు చూశాడు. "జంట కదా."

"జంటైతే?"

"తలుపు రెక్కల్లాగే. ఎడమ రెక్క బందులు ఎడమకి, కుడి రెక్క బందులు కుడికి. దీనికి ఎరుపు ఇటుంటే దానికి ఎరుపు అటుండాలి. లేకపోతే జంటెలా అవుతుంది?"

మావయ్య నేల మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు. కూతురికి ముందు అర్థం కాలేదు, అయ్యాక ఆపుకోలేకపోయింది. మొదట్లో పాత మెషిన్ బిగించిన మనిషి ఎవరోగానీ ఈ సంగతి చెవితో పట్టి, ఆ పక్క వైర్లు కావాలనే మార్చి కలిపాడు. ఇన్నాళ్లూ రెండు పెట్టెలూ కలిసి ఊపిరి తీశాయి, కలిసి వదిలాయి. మావయ్య పద్ధతిగా సరిచేసిన ఆ సాయంత్రమే అవి విడిపోయాయి. ఒకటి బల్లని నెడుతుంటే ఇంకొకటి లాగింది. నడుమ ఆ రెండు బలాలూ ఒకదాన్నొకటి తినేసి ఏమీ మిగల్లేదు. వదిన చెయ్యి ఉండేది సరిగ్గా ఆ నడుమే.

నవ్వు ఆగాక మావయ్య కళ్లు తుడుచుకున్నాడు. "ముప్ఫై ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను అల్లుడూ. ఇది కనిపెట్టాలంటే మాకు మైకు కావాలి, బ్యాటరీ కావాలి. దేవుడు మీ వదినకి చెవులు తీసుకుని ఊరికే వెళ్లిపోలేదయ్యా." అంటూనే ఆ పక్క వైర్లు అటుదిటు చేసి బిగించాడు. ఈసారి చూడముచ్చటగా లేదు.

వదిన టీ పళ్లెంతో వచ్చింది. కూతురు ఆ పళ్లెం అందుకుని, తల్లి భుజాలు పట్టి పీట మీద కూర్చోబెట్టింది. ఉరుము ఉన్న చోటికే సినిమా వెనక్కి తిప్పారు. మేఘాలు కమ్ముకున్నాయి. వదిన అరచెయ్యి బల్ల నడుమ ఆనింది.

ఉరుమింది.

ఆవిడ ఉలిక్కిపడింది. చెయ్యి తియ్యలేదు. వేళ్లు ఒక్కొక్కటే విచ్చుకుని, చెక్కని అదిమి పట్టుకున్నాయి. కళ్లు మూతలు పడ్డాయి. ఈసారి ఎవరి మొహమూ చూడలేదు, ఎవరికోసమూ నవ్వలేదు. చాలాసేపటికి, తనలో తాను అనుకుంటున్నట్టు, "పాతదానికి గొంతు పట్టేసి ఉండేది. ఇది కొండ మీంచి దిగుతోంది. దిగుతూనే ఉంది. ఇదిగో, దాని వెనకే సన్నగా వాన కూడా..." అంది.

చిన్నోడు చెవులు రిక్కించాడు. తెర మీద వాన ఇంకా మొదలవలేదు. గాలి హోరు తప్ప అతనికి ఏమీ వినపడలేదు. అందరూ నోళ్లు తెరుచుకుని చూస్తుంటే, మేఘాల కింద దూరంగా ఒక బూడిదరంగు తెర కదిలి వచ్చింది.

"నాకూ కావాలి," అని కూతురు తన చెయ్యి తెచ్చి తల్లి చేతి పక్కన పెట్టింది. "జుమ్మంటోంది. కానీ వాన తెలీడం లేదే!"

"చెవులు తెరుచుకుని కూర్చుంటే ఎలా తెలుస్తుంది?" అంది వదిన.

నిజమే కదా. కూతురు ఒక చేత్తో ఒక చెవి మూసుకుంది. రెండోది మూసుకోవాలంటే బల్ల మీద చెయ్యి తియ్యాలి. మావయ్య ప్రయత్నించి భుజంతో ఒక చెవి నొక్కుకుని వంకరటింకరగా నిలబడ్డాడు. అన్నయ్య వచ్చి, వెనక నిలబడి కూతురి చెవులు మూశాడు. కూతురు నోరు మెల్లగా తెరుచుకుని అలాగే ఉండిపోయింది.

వదిన పీట మీంచి లేచి, చిన్నోడిని చెయ్యి పట్టి లాగి తన చోట కూర్చోబెట్టింది. అతని అరచెయ్యి తీసి బల్ల నడుమ, తన చెయ్యి వెచ్చదనం ఇంకా పోని చోట పెట్టింది. తను వెనక్కి వెళ్లింది. రెండు చేతులు వచ్చి అతని రెండు చెవులూ మూశాయి. పిండి వాసన. కాకపోతే అప్పటికంటే కొంచెం గరుకెక్కిన చేతులు.

లోకం ఆగిపోయింది. టీవీ గొంతు పోయింది, మావయ్య నవ్వు పోయింది, వీధి పోయింది. ముందు ఏమీ లేదు. చెక్క ఉంది, చెయ్యి ఉంది, అంతే. తర్వాత చాలా లోతు నుంచి, నేల కింద ఎవరో పెద్ద తలుపు తీస్తున్నట్టు, ఉరుము వచ్చింది. అరచేతిలోకి వచ్చింది, మణికట్టు దాటింది, మోచేతి దాకా ఎక్కింది. అది వెళ్లిపోయిన చోట ఏదో మిగిలింది. ఎంత సన్నగానంటే, ముందు తన రక్తమే అనుకున్నాడు. చీమల బారు నడిచినట్టు, జల్లెడలోంచి పిండి రాలినట్టు. వాన. ఊపిరి తియ్యడం మరిచిపోయి, నలభై ఏళ్లుగా వింటున్న వానని మొదటిసారి విన్నాడు. ఇంత పెద్ద సంగతి అన్ని సాయంత్రాలూ ఆ పీట మీద కూర్చున్న మనిషి చేతి కింద జరుగుతూ ఉంటే, పక్కనే కూర్చుని టీ తాగుతూ తను చూసింది ఒట్టి బొమ్మలన్నమాట.

తెర మీద చీకటి పడింది. నల్లటి అద్దంలో తన మొహమూ, దాని పైన వదిన మొహమూ కనపడ్డాయి. ఆవిడ పెదాలు కదిలాయి. చిన్నోడు ఆ పెదాల్ని చదువుకున్నాడు.

"వినపడుతోందా?"

చెవులు ఆవిడ చేతుల్లో ఉండగానే, తల ఊపాడు.